పాత ఇంజను - నమ్మదగిన లేతు షాపు

కొత్తవలస మీదుగా రైలులో పోవువారికి ఆ ఊరు దారులు చీలు చోటుగా జ్ఞాపకముండును. ఒక దారి మద్రాసునుండి హౌరా పోవు పెద్ద లైను. రెండవది బైలదిల్లా ఇనుపరాతిని విశాఖపట్టణము రేవునకు చేర్చుటకై 1960ల దశకములో కొండలు తొలిచి వేసిన కిరండూలు లైను. రోడ్డు సంగతియు అట్టిదే. విశాఖపట్టణమునుండి పెందుర్తి మీదుగా వచ్చిన బాట ఈ ఊరు దాటి, శృంగవరపుకోట గడచి, అనంతగిరి ఘాటు ఎక్కి అరకులోయ చేరును. ఒకప్పుడు ఆ ఘాటు మీద రెండవ గేరులో మూల్గుచు ఎక్కిన అంబాసిడరు కార్లను ఎరుగని పెద్దలు ఈ ప్రాంతమున అరుదు. అట్టి కారు ఒకటి నేటికిని కొత్తవలసలో మా తాతగారి ఇంటి సావడిలో ఉన్నది. ఈ ప్రసంగము ఆ కారును గూర్చి కాదు. దాని ఇంజనును ఎవరి చేతిలో పెట్టవలెనను ప్రశ్నను గూర్చి.

పాత కారు గల శ్రోతలు కొందరే కావచ్చును. కాని ట్రాక్టరు గాని, డీజిలు పంపు గాని, సామాను మోయు ఆటో గాని లేని ఊరు నేడు లేదు. ఇనుము అరుగుట అన్నిటికిని సమానమే. అరిగినదానిని సరిచేయువాని నేర్పు మీదనే వాటి ఆయువు ఆధారపడి ఉండును. కావున మేము చెప్పబోవునది అందరికిని కొంత పనికి రాగలదని మా నమ్మకము.

అంబాసిడరును హిందుస్థాన్ మోటార్సువారు 1957లో కలకత్తా సమీపమున ఉత్తరపారాలో తయారుచేయ నారంభించిరి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు దానికి మూలము. 2014 మే నెలలో ఉత్తరపారా కర్మాగారమున పని నిలిచిపోయినది. మా కారు 1970 నాటిది, మార్కు 2 అను రకము. అందలి ఇంజను 1489 ఘనపు సెంటీమీటర్లది. బ్రిటిష్ మోటారు కార్పొరేషను వారి 'బి' శ్రేణి ఇంజను అది. 1955లో ఇంగ్లండున వెలువడిన ఎం.జి.ఎ. అను స్పోర్ట్సు కారులో ఉన్నదియు ఈ జాతి ఇంజనే. అందుచేతనే దీనికి కావలసిన వస్తువులు కొన్ని నేటికిని విదేశములలో దొరకుచున్నవి. ఐనను మన దేశములో పోతపోసిన బ్లాకు మాత్రము మరల పుట్టదు. ఉన్నదానిని కాపాడుకొనవలసినదే.

ఇచట కొంత లెక్క చెప్పక తప్పదు. ఈ ఇంజనులో సిలిండర్లు నాలుగు. కొత్తదిగా ఉన్నప్పుడు ఒక్కొక్క సిలిండరు వ్యాసము 73.025 మిల్లీమీటర్లు. పిస్టను పైకిని క్రిందికిని నడచు దూరము 88.9 మిల్లీమీటర్లు, అనగా మూడున్నర అంగుళములు. ఏండ్లతరబడి రింగులు రాచుకొనగా సిలిండరు గోడ అరుగును. ఆ అరుగుట అంతటను ఒక్క తీరున ఉండదు. రింగులు పైకి వచ్చి వెనుకకు మరలు చోట వేడి ఎక్కువ, నూనె తక్కువ; కావున అచ్చట ఎక్కువ అరుగును. పిస్టను ఒక ప్రక్కకు ఒత్తును గనుక ఆ ప్రక్క మరికొంత అరుగును. గుండ్రముగా నిటారుగా ఉండవలసిన రంధ్రము కొంత కోడిగ్రుడ్డు ఆకారమును, కొంత గరాటు ఆకారమును పొందును. అప్పుడు నూనె పైకెక్కి మండి, వెనుకనుండి నీలిపొగ వచ్చును. దీనినే మన మేస్త్రీలు "ఇంజను బోరుకొచ్చింది" అందురు.

దీనికి మందు, రంధ్రమును కొంచెము పెద్దదిగా మరల కోసి, దానికి తగిన పెద్ద పిస్టనును వేయుట. ఆ పెంపు అంగుళములో వెయ్యోవంతుల లెక్కన పది, ఇరువది, ముప్పది, నలువదిగా ఉండును. షాపులలో "టెన్", "ట్వంటీ", "థర్టీ", "ఫార్టీ" అని వ్యవహారము. నలువది అన్నను మొత్తము ఒక మిల్లీమీటరే! అనగా ఒక ఇంజను జీవితకాలమున కోసి పారవేయదగిన ఇనుము ఆ ఒక్క మిల్లీమీటరు మాత్రమే. కోసిన ఇనుము తిరిగి రాదు. మంచి షాపు అవసరమెంతటిదో ఈ ఒక్క మాటలో ఉన్నది.

ఈ మాట మాకు నష్టపడిన పిదపనే తెలిసినది. డెబ్బది యేండ్లు దాటిన మా నాన్నగారికి ఒక కోరిక ఉండెను. తాను స్టీరింగు పట్టుట నేర్చినది ఆ కారులోనే. అందులో మా అమ్మగారిని ఒక్కసారి అరకు తీసికొనిపోవలెనని వారి అభిలాష. మేము ఉత్సాహపడి ఇంజను విప్పించి, దగ్గరలోనిదని, తక్కువ సొమ్మని, రెండే రోజులలో ఇత్తుమనిరని ఒక షాపునకు బ్లాకును పంపితిమి. అప్పటికి దానికి "ట్వంటీ" వేసియున్నది. షాపువారు చూచి, "ఫార్టీ కొట్టేద్దాం బాబూ, మళ్ళీ చూసుకోనక్కర్లేదు" అనిరి. ఏమి కొలిచిరని మేము అడుగలేదు. ఎంత కొలిచిరో వారును చెప్పలేదు. బోరు వేసిన తరువాత పిస్టన్లు కొని తెచ్చి తొడిగిరి.

కారు కదలినది. మేము ఒక ఆదివారమున ఫలహారములు కట్టుకొని బయలుదేరితిమి. శృంగవరపుకోట ఇంకను రాకముందే వెనుక నీలిపొగ క్రమ్మెను. రెండవ సిలిండరు ప్లగ్గు నూనెలో మునిగి ఉండెను. కారును తాడుతో ఇంటికి లాగించి, మేము బస్సులో వచ్చితిమి. దారిపొడవునను అమ్మగారు ఒక్క మాటయు అనలేదు. నాన్నగారు మాత్రము ఇల్లు చేరిన తరువాత, "బండి తప్పు కాదురా. కొలవనోడి చేతికిచ్చేం" అనిరి. అంతకు మించి వారు మమ్ము నిందింపలేదు. నిందించినచో కొంత తేలికగా ఉండెడిది.

ఆ తరువాత ఏడు మాసములు మేము షాపులు చూచుటకే తిరిగితిమి. విజయనగరము చూచితిమి, విశాఖపట్టణము ఆటోనగరు చూచితిమి, 1960ల దశకమున ఏర్పడి లారీల పనికి పేరుపడిన విజయవాడ ఆటోనగరును చూచితిమి. ఈ తిరుగుటలో మేము నేర్చినవి వరుసగా మనవి చేయుదుము.

మొట్టమొదట తెలియవలసినది, ఇంజను విప్పి బిగించు మేస్త్రి వేరు, ఇనుము కోయు లేతు షాపు వేరు. మేస్త్రి మంచివాడైనంత మాత్రమున అతడు పంపు షాపు మంచిది కానక్కరలేదు. కొందరకు అలవాటు, కొందరకు కమీషను. కావున మేస్త్రిని "ఎక్కడికి పంపుతారు?" అని అడుగుటకంటె, "మీ సొంత బండి ఇంజను ఎక్కడ చేయించేరు?" అని అడుగుట మేలు. ఈ రెండు ప్రశ్నలకు రెండు జవాబులు వచ్చిన సందర్భములు మాకు ఎదురైనవి.

రెండవది, కొలత. షాపులో అడుగిడగానే పెద్ద యంత్రములను చూడకుడు. కొలుచు పనిముట్లు ఎక్కడ ఉన్నవో చూడుడు. బోరు గేజియు, మైక్రోమీటరును పెట్టెలో నూనెగుడ్డ చుట్టి ఉన్నవా, ఇనుప రజనులో దొర్లుచున్నవా? మైక్రోమీటరు సరిగా చూపుచున్నదో లేదో సరిచూచు ప్రమాణపు కడ్డీ ఉన్నదా? ఒక సిలిండరును పైన, నడుమ, క్రింద మూడు చోట్ల, ఒక్కొక్క చోట అడ్డముగను నిలువుగను కొలువవలెను. అనగా సిలిండరునకు ఆరు కొలతలు, నాలుగింటికి ఇరువదినాలుగు. వ్రేలు లోపల పెట్టి త్రిప్పి "బాగుంది" అనువానికి నమస్కారము చేసి రావలెను. మనిషి వెండ్రుక మందము అంగుళములో వెయ్యోవంతులు రెండు మూడుండును. పిస్టనునకును గోడకును నడుమ ఉండవలసిన ఎడమును ఇంచుమించు అంతే. అది వ్రేలికి అందునది కాదు.

మూడవది, మంచి షాపువాడు బోరు వేయుటకు ముందే పిస్టన్లు తెమ్మనును. పేరుకు ఒకే సైజైనను పిస్టన్ల కొలతలలో కొద్ది తేడాలుండును. కావున ముందు పిస్టనును కొలిచి, తయారుచేసినవారు చెప్పిన ఎడమును దానికి కలిపి, ఆ కొలతకు రంధ్రము కోయవలెను. మా మొదటి షాపులో జరిగినది దీనికి తలక్రిందులు.

నాలుగవది, కోతకు తరువాతి పని. బోరింగు యంత్రముతో తుదికొలత వరకు కోయరు. కొంచెము మిగిల్చి, ఆ మిగిలినదానిని సానరాళ్ళతో హోనింగు చేయుదురు. అప్పుడు గోడ మీద సన్నని గీతలు ఒకదాని నొకటి అడ్డముగా ఖండించుచు వలవలె ఏర్పడును. నూనె నిలుచునది ఆ గీతలలోనే. రింగులు గోడకు కుదురుకొనునదియు వాటి వలననే. అద్దమువలె మెరయు సిలిండరును చూపి గర్వించువాడు పని తెలిసినవాడు కాడు.

ఐదవది, క్రాంకు షాఫ్టు. అరిగిన క్రాంకును కూడ పది, ఇరువది లెక్కన సన్నగిల్లచేసి, దానికి తగిన షెల్ బేరింగులు వేయుదురు. గుండ్రని మెడ దాని ప్రక్కగోడను కలియు మూల వద్ద చిన్న వంపు ఉండవలెను. సానపట్టువాడు ఆ వంపును తీసి మూలను పదునుగా చేసినచో, ఎప్పుడో ఒకనాడు క్రాంకు అక్కడనే విరుగును. వంపును ఎట్లు కాపాడుదురని అడుగుడు. ప్రశ్న అర్థమైనవాని ముఖమే వేరుగా ఉండును.

ఆరవది, కాదనగల శక్తి. "ఏదైనా చేసేస్తాం" అనునది మంచి మాటవలె వినబడును. కాని చేయకూడని పనిని చేయననువాడే నమ్మదగినవాడు. "మీరు ఏ పని పుచ్చుకోరు?" అని మేము ప్రతి షాపులోను అడిగితిమి. పగిలిన హెడ్డును అతికి ఇవ్వనని ఒకరు, అల్యూమినియము పని తమకు రాదని మరియొకరు చెప్పిరి. వారిని మేము గుర్తుంచుకొంటిమి.

లెక్కకు రానివి కూడ చెప్పవలెను. షాపు పెద్దదగుట, యంత్రము కొత్తదగుట గుణము కాదు; పాత యంత్రమైనను సరిచూచుకొనుచున్నచో చాలును. ముంగిట ట్రాక్టరు బ్లాకులు, పంపు ఇంజన్లు పడియున్నవని చిన్నచూపు చూడరాదు. కోతల కాలమున ట్రాక్టరు ఆగినచో రైతు ఊరుకొనడు. అట్టి గిరాకీని ఏండ్ల తరబడి నిలుపుకొన్న షాపు పరీక్షకు నిలిచినదే. తక్కువ ధర, తొందర పని మాత్రము ప్రమాద చిహ్నములు.

తుదకు మాకు దొరకిన షాపు విశాఖపట్టణముననే ఉన్నది. ఓడల కర్మాగారమునకు 1941లో పునాదిరాయి పడి, 1948లో 'జల ఉష' అను ఓడ నీట దిగిన ఊరు అది. ఇనుమును కొలిచి కోయు చేతులకు ఆ తీరమున కొదువ లేదు. రెండు గదుల చిన్న షాపు. అరువది యేండ్ల టర్నరు ఒకరు, శిష్యులిద్దరు. మేము బ్లాకును దింపగానే ఆయన, "పిస్టన్లేవి బాబూ?" అనిరి.

పరీక్షింపదలచి, "ముందు పని కానివ్వండి, తరవాత తెస్తాం" అంటిమి.

"చెయ్యి సూడకుండా గాజులు తొడుగుతారేటి? పట్టుకు రండి, అప్పుడు సూద్దాం" అని ఆయన మరల తన పనిలోనికి పోయిరి. మా వెదకుట ముగిసినదని అప్పుడే అనిపించినది.

పది దినముల తరువాత ఆయన ఒక కాగితము మా చేతికిచ్చిరి. అందులో ఇరువదినాలుగు అంకెలున్నవి. నాలుగు సిలిండర్లలో మూడు సరిగా లేవు. రెండవది నిటారుగానే లేదు. కారణమును కూడ ఆయన చూపిరి. బోరింగు యంత్రమును బ్లాకు పైముఖము మీద కూర్చుండబెట్టుదురు. ఆ ముఖము మీద పాత గాస్కెట్టు తునక ఒకటి మిగిలియున్నను యంత్రము ఒరగును, రంధ్రమును ఒరగును. క్రాంకునకు లంబముగా లేని రంధ్రములో పిస్టను ఒకవైపు నొక్కుకొని నడచును. రెండు నిమిషములు గోకి తుడిచినచో తప్పిపోవు అపచారము! దాని మూలమున మా బ్లాకులోని చివరి మిల్లీమీటరు వ్యర్థమైపోయినది.

"దీనికింక బోరు వెయ్యను. నాలుగిటికీ స్లీవులు దింపి స్టాండర్డుకి తెద్దాం. అంతకుముందు బీటలేవైనా ఉన్నాయేమో సూడాలి. బీటుంటే మీ డబ్బు నాకొద్దు" అనిరి.

స్లీవు అనగా పలుచని ఇనుప గొట్టము. పాత రంధ్రమును కొంత వెడల్పు చేసి, ఆ గొట్టమును బిగువుగా లోపలికి దించి, దానిని మొదటి కొలతకు, అనగా 73.025 మిల్లీమీటర్లకు, కోసి హోనింగు చేయుదురు. సవ్యముగా చేసినచో బ్లాకునకు పునర్జన్మ కలుగును. అయస్కాంతపు పొడి చల్లి బీటలకై పరీక్షించిరి. నీటిదారులలో దశాబ్దములుగా పేరుకొన్న త్రుప్పును కడిగించిరి. నూనెదారుల బిరడాలు విప్పించి, కుంచెలతో శుభ్రపరచిరి. ఇవి చేయని షాపులో ఎంత చక్కని కోతయైనను నిష్ఫలము. కోసిన రజను నూనెదారిలో నిలిచినచో కొత్త బేరింగులను తినివేయును.

హెడ్డు విషయమున ఆయన మరియొక సంగతి చెప్పిరి. మన దేశమున 2000 ఫిబ్రవరి 1నుండి సీసము కలిసిన పెట్రోలు నిలిపివేయబడినది. ఆ సీసము పాత ఇంజన్లలో ఎగ్జాస్టు వాల్వులకును వాటి సీట్లకును నడుమ పూతవలె పనిచేసెడిది. అది లేనిచో మెత్తని పోత ఇనుప సీట్లు క్రమముగా క్రుంగిపోవును. కావున గట్టి లోహపు సీట్లను పొదిగించుట మంచిది. ఇటీవలి పెట్రోలులో ఇథనాలు పాలు పెరిగినందున పాత రబ్బరు గొట్టములను కూడ అప్పుడే మార్చుకొనవలెను.

షాపు ఎంత మంచిదైనను యజమాని చేయవలసినవి కొన్ని గలవు. విప్పునప్పుడే ప్రతి భాగమునకు చీటీ కట్టవలెను. క్రాంకు మెయిన్ బేరింగు టోపీలు ఈ ఇంజనులో మూడు; వాటిని స్థానములు మార్చి, దిశ మార్చి బిగింపరాదు. ఏ పని, ఏ కొలత, ఎంత సొమ్ము అను మూడును కాగితము మీద వ్రాయించుకొనవలెను. పని అయిన బ్లాకును ఇంటికి తెచ్చిన వెంటనే వేడి సబ్బునీటితో కడిగి, తెల్లని గుడ్డకు నలుపు అంటనంత వరకు తుడిచి, నూనె పూయవలెను. మన సముద్రపు గాలిలో నూనె లేని ఇనుము ఒక్క రాత్రిలోనే ఎర్రబారును. అన్నిటికంటె ముఖ్యము, ఇంజను విప్పకముందే షాపును వెదకుకొనవలెను. విప్పిన పిదప వెదకువానికి తొందర. తొందరపడినవానికి దొరకునది దగ్గరి షాపు గాని మంచి షాపు కాదు. ఇది మా అనుభవము.

ఇంజను బిగించినది మా పాత మేస్త్రియే. ఈమారు అతడును ఆ కాగితమును ఆసాంతము చదివి, పిస్టన్లను మరల స్వయముగా కొలిచి, బోల్టులను టార్కు రెంచితో లెక్క ప్రకారము బిగించెను. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు వేగము పెంచక, బరువు వేయక నడిపి, నూనె మార్చితిమి. నీలిపొగ లేదు.

గత కార్తికమాసమున ఒక ఉదయమున నాన్నగారు స్టీరింగు పట్టిరి. అమ్మగారు ప్రక్కన కూర్చుండిరి. మేము వెనుక సీటులో ఉంటిమి. శృంగవరపుకోట దాటితిమి, కారు ఆగిన చోటు దాటితిమి. అనంతగిరి ఘాటు మీద రెండవ గేరు వేసినప్పుడు నాన్నగారు అద్దములో వెనుకకు చూచిరి. పొగకై చూచిరని మాకు తెలియును. ఏమియు లేదు. అమ్మగారు అప్పుడు పులిహోర పొట్లము విప్పిరి.

ఆ ఇరువదినాలుగు అంకెల కాగితము, పని పూర్తియైన పిదప టర్నరు వ్రాసియిచ్చిన కొత్త కొలతల కాగితము, రెండును నేడు కారు డాష్‌బోర్డు అరలో భద్రముగా ఉన్నవి. ఇరువది యేండ్లకో, ముప్పది యేండ్లకో ఈ ఇంజనును మరల విప్పు చేతులు ఎవరివో మేమెరుగము. వారు మొదట చూడవలసినవి ఆ రెండు కాగితములే.